అక్క కూర్చిన ఆధారాలు

ఈమధ్య పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని సెల్‌ఫోనులో గళ్ళనుడికట్టు పూరించడం నాకు అలవాటైంది. అత్తయ్యకి పొద్దుపోతుందని మా కోడలే ఫోనులోకి ఎక్కించి పెట్టింది. నిన్న అందులో అడ్డం వరుసలో రెండు గళ్ళకి ఇచ్చిన ఆధారం, పెనం మీద కాల్చి తినేది అని. రొట్టె అని చూడగానే తెలిసిపోయింది. కానీ దాన్ని కోస్తూ నిలువుగా దిగే మాట కూడా చూసుకుని రాద్దామని కాస్త ఆగాను. అదే నేను చేసిన పాపం. నేను ఆగిన ఆ కాసేపటికే మొదటి గడి దానంతటదే మెరిసి అక్షరం పూరించుకుంది, ఏమిటా అని కళ్ళజోడు సర్దుకునేలోగా రెండోదీ పూరించుకుంది, పైగా శభాష్ అంటూ చప్పట్లు కూడా కొట్టింది. ఎవరికి కొట్టినట్టు ఆ చప్పట్లు? నాకు ఒళ్ళు మండి ఫోను బల్ల మీద బోర్లా పడేసి, వసారాలో అటూ ఇటూ తిరిగి, తిరగడానికి అక్కడ చోటు చాలక వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను.

మీరు నా ఈడువాళ్ళయితే మీకు చెప్పనక్కర్లేదు, మన రోజుల్లో వారపత్రికలో ఆ గళ్ళ పేజీ ఎంత మందిని ఎంత సేపు కూర్చోబెట్టేదో. నేను మాత్రం కూర్చునే రకం కాదు. చిన్నప్పటినుంచీ నాకు కాలు ఒకచోట నిలవదు, మాట నోట్లో ఆగదు. ఆ గుణానికి తగ్గట్టే గుడివాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం దొరికింది. బోర్డు ముందు కూర్చుంటే ఎదురుగా దీపాలు వెలుగుతూనే ఉంటాయి, అవతలివాళ్ళు ఊరి పేరు సగం పలికేసరికే మనం తీగ గుచ్చేయాలి. అవతలాయన గుడ్ల అంటే చాలు, గుడ్లవల్లేరు కలిపేసేదాన్ని. బంటు అంటే బంటుమిల్లి. ఎదుటిమనిషి మాట పూర్తయ్యేదాకా ఆగితే అక్కడ పని సాగదు. అలా ఆగకుండా చేసినందుకే సూపర్‌వైజరు గారు నన్ను మెచ్చుకునేవారు కూడాను.

నాకు గళ్ళ పిచ్చి పట్టించింది మా బావ. అక్కని అవనిగడ్డలో ఇచ్చారు. బావకి అక్కడ పత్రికల ఏజెన్సీ. బందరు నుంచి వచ్చే తొలి బస్సు పైన కట్టలు వస్తే సైకిలు మీద తెచ్చుకుని, వసారాలో విప్పి, ఎవరివి వాళ్ళకి పంచేవాడు. వారపత్రిక వచ్చే రోజు మాత్రం పంపకం ఆలస్యమయ్యేది. ఎందుకంటే అమ్మకానికొచ్చిన పత్రిక మీద పెన్సిలు గీత పడకూడదు, పడితే అమ్ముడుపోని కాపీలు తిరిగి పంపేటప్పుడు పేచీ. కనుక బావ ఏంచేసేవాడంటే, సున్నపు ముక్కతో వసారా గచ్చు మీద గళ్ళన్నీ గీసి, నల్ల గళ్ళు బొగ్గుతో నింపి, పత్రిక ఒళ్ళో పెట్టుకుని ఆధారాలు పైకి చదివేవాడు. చుట్టూ చతికిలబడ్డ మేమంతా అరిచేవాళ్ళం. మేమంతా అంటే పక్కింటి మావయ్యగారు, ఆయన ఇంటివాళ్ళు, పత్రిక కోసం వచ్చి తిరిగి వెళ్ళని మరికొందరు, సెలవు దొరికితే పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సులు మారి వచ్చి వాలే నేను. పక్కింటాయన మాకు చుట్టమేమీ కాదు, మా అక్క ఆయన్ని మావయ్యా అని పిలిచేది గనుక మాకందరికీ మావయ్యే.

అరుపే అక్కడ ఆట. ఎవరు ముందు అరిస్తే గడి వాళ్ళది. ఆధారం సగంలో ఉండగానే అందుకోవడం గొప్ప. ఇంటి చూరులో ఉండేది, వంటింట్లో చప్పుడు చేసేది, పెళ్ళిలో చేతులు మారేది, అన్నీ మన చుట్టూ ఉండే వస్తువులే గాని, పజిల్లో పడేసరికి అవి మనని ఏడిపించేవి. బావకి ఆధారాల విషయంలో పట్టింపు ఎక్కువ. పది వస్తువులకి అతికే ఆధారం ఆధారమే కాదనేవాడు. పత్రికవాళ్ళు ఎప్పుడైనా అలాంటిదిస్తే, గుండీల్లేని చొక్కా ఎవరో తనకి తొడిగినట్టు పొద్దుటంతా గొణుక్కునేవాడు. మా అక్కకి మాత్రం ఈ గోలంతా చిరాకు. గచ్చు కడుక్కోవలసింది తనే కదా. ఆధారం చదివితే ఆవిడ బియ్యం ఏరుతూనే ఆలోచించి, మేం మరో నాలుగు గళ్ళు దాటాక, తీరుబడిగా జవాబు చెప్పేది. సరైన జవాబే. కానీ అప్పటికి ఎవరిక్కావాలి? ఎడ్లబండి వచ్చిందర్రోయ్ అని బావ ఏడిపించేవాడు, మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఆ బావకి పక్షవాతం వచ్చింది. కట్ట దించుకుంటూ బస్సు పక్కనే కూలబడ్డాడట. బందరు ఆసుపత్రిలో చేర్చారు. కుడిచెయ్యి, కుడికాలు మెల్లగా స్వాధీనంలోకి వస్తాయన్నారు, వచ్చాయి కూడా. పోయింది మాట. గొంతుకి ఏమీ కాలేదు, చెవులు వినబడుతున్నాయి, మేం చెప్పేదంతా తెలుస్తోంది, తను చెప్పాలనుకున్న వస్తువు కళ్ళముందు కనబడుతోంది, దాని పేరు మాత్రం నోటికి రావడంలేదు. ఊళ్ళోవాళ్ళకే కాదు, చీమలకి కూడా పేర్లు పెట్టే మనిషి, మంచినీళ్ళ చెంబు చూపించి దాన్నేమంటారో తెలియక తెల్లబోయేవాడు. డాక్టరు గారు అక్కతో స్పష్టంగానే చెప్పారు, ఈ కొద్దినెలల్లో ఎంత మాట్లాడిస్తే అంత తిరిగొస్తుంది, ఇప్పుడు ఊరుకున్నారా, ఇక ఆయన అలాగే ఉండిపోతారు అని. మూగగా బతికే బావని తల్చుకుని నేను బోర్డు ముందు ఒక ఊరికి బదులు మరో ఊరికి తీగ గుచ్చేసేదాన్ని.

ఇంటికి తీసుకొచ్చాక సాయానికి మనుషులు కరువవలేదు. వసారా జట్టంతా పొద్దునా సాయంత్రం మంచం చుట్టూ చేరేది. ఇక్కడే మేం మా బుద్ధి చూపించుకున్నాం. బావ నోరు తెరిచి, అది, తెల్లగా, అనగానే పాలు, పెరుగు, సున్నం, దూది, మల్లెపూలు అని తలొక దిక్కునుంచీ అందుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే అందులో ఉత్సాహం కూడా ఉండేది. పత్రిక లేకుండానే పజిల్ దొరికినట్టుండేది. బావ మొదట్లో కాదు కాదని చెయ్యి ఊపేవాడు. తర్వాత తర్వాత ఓపిక చాలక, దగ్గరగా ఉన్న ఏదో ఒక మాటకి తల ఊపేసి కళ్ళు మూసుకునేవాడు. మేం గెలిచామనుకుని ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళేవాళ్ళం.

ఒకసారి నేను వెళ్ళేసరికి బావ మంచంలో వెల్లకిలా పడుకుని, ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తి, కాల్చింది, ఎర్రగా, కాల్చింది అని అదేపనిగా అంటున్నాడు. మావయ్యగారు తడుముకోకుండా రొట్టె అన్నారు. మేమంతా ఔనంటే ఔనన్నాం. జబ్బు మనిషి కాల్చింది అంటే బ్రెడ్డు కాక మరేమిటి? ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో బ్రెడ్డంటే జ్వరం తిండే గదా! బందరు బేకరీ నుంచి ఆ కాగితం చుట్టిన పొడుగాటి బ్రెడ్డు పట్టుకుని ఎవరైనా వీధిలో నడిస్తే, ఎవరికి బాగోలేదండీ అని అడ్డగించి అడిగేవాళ్ళు. ఒంట్లో కులాసాగా ఉన్నవాళ్ళు డబ్బిచ్చి అది కొనుక్కు తింటారని మేం ఎరగం. నాకైతే ఇప్పటికీ పాలల్లో నానిన బ్రెడ్డు వాసన తగిలితే నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టుంటుంది. సరే, ఆ పూట నుంచి బావకి బ్రెడ్డు ఎర్రగా కాల్చి, పాలల్లో ముంచి, అక్క చేత తినిపించడం మొదలైంది. ఆయన మొహం తిప్పుకుంటే, మారాం చేస్తున్నాడన్నాం.

నా సెలవు పూర్తికాకముందే ఒక మధ్యాహ్నం సముద్రం మీది గాలి విసురుగా వచ్చింది. అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని బియ్యం ఏరుతున్నదల్లా, పాలు పొంగుతున్న వాసనకి లేచి వంటింట్లోకి పరుగెత్తింది. ఆవిడ గడప దాటిందో లేదో కప్పు మీదినుంచి బంగాళా పెంకు ఒకటి జారి, సరిగ్గా చేట మీద పడి ముక్కలైంది. బియ్యం గది నిండా చిందాయి. మేమంతా తలెత్తి చూశాం. వాసం పక్కన మరో రెండు పెంకులు పట్టు తప్పి వేలాడుతున్నాయి. రోజంతా వెల్లకిలా పడుకుని కప్పుకేసి చూసే మనిషికి అవి ఏనాడో కనబడ్డాయి. కాల్చింది అంటే అది. ఎర్రగా అంటే అది. పెళ్ళాం రోజూ కూర్చునే చోటికి సరిగ్గా పైన అది జారుతోందని చెప్పడానికి ఆయన అన్నాళ్ళూ పెనుగులాడితే, మేం ఆయన నోట్లో బ్రెడ్డు కుక్కాం. బావ గోడవైపు తిరిగి, భుజాలు కదిలేలా ఏడ్చాడు. మా కుటుంబంలో మగవాడు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత ఆయన నోరు తెరవడం మానేశాడు. ఏం కావాలన్నా వేలితో చూపించేవాడు, అప్పటికీ మాకు అర్థం కాకపోతే వదిలేసేవాడు. కొత్త వారపత్రిక తెచ్చి పక్కన పెడితే దాన్ని చేత్తో నెట్టేశాడు. నాకు భయం పట్టుకుంది. డాక్టరు చెప్పిన నెలలు కళ్ళముందే కరిగిపోతున్నాయి, మేం ఆయన్ని మాట్లాడించడానికి బదులు నోరు కట్టేశాం.

అప్పుడు కదిలింది మా అక్క. అంతదాకా కాఫీలందించడం తప్ప మాట కలపని మనిషి, ఒక సాయంత్రం జట్టంతా చేరాక కాఫీ గ్లాసుల పళ్ళెం కింద పెట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇయ్యాల్టినుంచి ఆయన మాట ఎవరూ అందుకోమాకండి. చెప్పేదాకా కూర్చునే ఓపికుంటే కూర్చోండి, లేదంటే కాఫీ తాగెళ్ళండి."

సాయం చేద్దామనే కదమ్మాయ్ అని మావయ్యగారు నొచ్చుకున్నారు. తెలుసు మావయ్యా, అందుకే కాఫీ పెట్టాను అంది. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

అసలు యుద్ధం నాకూ అక్కకీ జరిగింది. నేను మళ్ళీ సెలవు పెట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ బావ ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయనకి కాఫీ కావాలి. కాఫీ అక్కడే, ఇద్దరి మధ్యా స్టూలు మీద ఉంది, పొగలు తగ్గిపోతున్నాయి. బావ పెదవులు కదులుతున్నాయి, నుదుట చెమట పడుతోంది, మాట రావడం లేదు. ఆవిడ కదలదు, సైగ చెయ్యదు, పెదవి విప్పదు. నేను గడప దగ్గర నిలబడలేక పెరట్లోకి వెళ్ళి వచ్చాను, వీధిలోకి వెళ్ళి వచ్చాను, చివరికి ఉండబట్టలేక, కాఫీ అని తెలుస్తూనే ఉందిగా, ఇచ్చెయ్యవే రాక్షసీ అని అరిచాను. అక్క నా వైపు చూడనైనా చూడలేదు.

"ఇచ్చేస్తే రేపు వేలు చూపిస్తారు. ఎల్లుండి అదీ చూపించరు. నువ్వెళ్ళి ఆ బట్టలు తియ్యి, తడిసిపోతాయి."

ఆ పూట మాట రాలేదు. చల్లారిన కాఫీని మళ్ళీ వెచ్చబెట్టి తనే తాగించింది, అదీ ఒక్క మాట అనకుండా. అంత కఠినంగా ఎలా ఉండగలవని అడగబోయి, వంటింట్లోకి వెళ్ళి చూస్తే, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నేను వెనక్కి వచ్చి బట్టలు మడతపెట్టాను. తిరుగు బస్సులో గుడివాడ చేరేదాకా నాకు అక్క మీద కోపం తగ్గలేదు, బావ మీద జాలి తగ్గలేదు.

ఆ తర్వాత ఎవరూ నేర్పకుండానే ఆవిడ ఒక పని మొదలుపెట్టింది. గచ్చు కడిగి, సున్నపు ముక్కతో కాదు, ముగ్గుతోనే, తనకి చేతనైన పద్ధతిలో చుక్కలు పెట్టి గళ్ళు గీసింది. బావని కుర్చీలో వసారాలోకి చేర్చింది. ఎదురుగా కూర్చుని, ఇంట్లో ఉన్న వస్తువులకి తనే ఆధారాలు అల్లి చదివేది. పాపం, ఆవిడకి ఆ విద్య రాదు. మూకుడుకి ఆధారం, వంటకి పనికొచ్చేది. చాపకి, వేసుకునేది. తలుపుకి, ఇంటికి ఉండేది. నేను పక్కన ఉన్నప్పుడు వింటుంటే పళ్ళు నూరుకోవాల్సి వచ్చేది. బావ మొహం కూడా చూడాలి! వింటూ వింటూ కనుబొమలు దగ్గరికి వచ్చేవి, కుర్చీ చెయ్యి మీద వేళ్ళు కొట్టుకునేవాడు. గొణుగుడు లాంటిదేదో గొంతులో తిరిగేది గాని బయటికి వచ్చేది కాదు. అక్క తొందరపడేది కాదు. రాకపోతే మరో ఆధారం, అదీ అలాంటిదే.

ఒక ఆదివారం పొద్దున నేను గడప మీద కూర్చుని ఉన్నాను. అక్క ముగ్గు గళ్ళకేసి చూసి, తాపీగా, నీకు ఇష్టం లేకపోయినా నేను పెట్టేది అని చదివింది. ఆటలోకి దిగితే ఆవిడ మొగుణ్ణి నువ్వు అనేది, అదేమిటో, మామూలప్పుడు మీరే. బావ తల విదిలించాడు. మొహం కందింది. చెయ్యెత్తి ముగ్గు గళ్ళవైపు చూపించాడు. మాట గొంతుకి అడ్డం పడ్డట్టు రెండు మూడుసార్లు మింగాడు. నేను లేవబోయాను. అక్క నా వైపు తిరగకుండానే అరచెయ్యి చూపించి ఆపింది.

"ఇదేం… ఆధారమే… నీ ఉప్మాకి కూడా… అతుకుద్ది."

ముందు మాకిద్దరికీ అర్థం కాలేదు, మాట వచ్చిందన్న సంగతే. అర్థమయ్యాక అక్క నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ముగ్గులోనే చతికిలబడింది, కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు. అయితే సరైన ఆధారం నువ్వే చెప్పు మరి అంది. బావ ఆలోచించాడు. ఆ ఆలోచన ఎంతసేపు సాగిందో చెప్పలేను గాని, ఎండ అరుగు దిగిపోయింది. జ్వరమొస్తే, బందరు నుంచి, చూడ్డానికి వచ్చేది. ఒక్కో ముక్కా విడివిడిగా, వెతికి తెచ్చుకుని చెప్పాడు. నాకు జవాబు నాలిక చివరికి వచ్చేసింది. చేత్తో నోరు మూసుకున్నాను, నిజంగానే మూసుకున్నాను. అక్కకీ తెలుసు. కదలకుండా ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. బ్రెడ్డు, అన్నాడు బావ చివరికి. అని, ఇక నాకొద్దు, అని కూడా అన్నాడు.

అన్నీ ఒక్కసారే తిరిగి రాలేదు. కొన్ని ఎప్పటికీ రాలేదు, మా పేర్లతో సహా. నన్ను చివరిదాకా మరదలు అనే పిలిచాడు, అదే నాకు చాలింది. నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఒక ఊరు దాటినంత ఎడంతో, కానీ తన మాటే తను మాట్లాడుతూ, ఎదుటివాళ్ళని ఏడిపిస్తూ చాలా ఏళ్ళు బతికాడు. జట్టు మళ్ళీ చేరింది. మావయ్యగారు మొదటి రోజు పెదవులు బిగబట్టుకుని కూర్చోవడం చూసి బావకే నవ్వొచ్చింది. ఆ వసారాలో ఇక ఎవరూ ఆధారం మధ్యలో అరవలేదు. నేను కూడా ఎక్స్ఛేంజిలో ముసలి గొంతు ఏదైనా తడబడితే, దీపాలు వెలుగుతున్నా, ఆయన ఊరి పేరు ఆయన్నే చెప్పనిచ్చేదాన్ని. సూపర్‌వైజరు గారికి అది నచ్చేది కాదు.

బావ పోయి చాలాకాలమైంది. అక్కా పోయింది. ఇప్పుడు నాకు ఒక కొత్త సంగతి అనుభవంలోకి వస్తోంది, ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా ఉన్నట్టుండి ఒక పేరు జారిపోతుంది. జల్లెడ కావచ్చు, పక్కవీధి ఆవిడ కావచ్చు, నిన్న తిన్న కూర కావచ్చు. వయసులో అందరికీ వచ్చేదేనని డాక్టరు గారన్నారు, కావచ్చు. కానీ నేను అలా ఆగీ ఆగకముందే కొడుకు అందిస్తాడు, కోడలు అందిస్తుంది, పక్కనున్న ఫోను కూడా అందిస్తుంది. అందరూ మంచివాళ్ళే, అందరికీ పనులున్నాయి, వాళ్ళు అందించే మాట చాలాసార్లు సరైనదే. అయినా నాకు లేచి నడవాలనిపిస్తుంది. ఈ కాలంలో దేనికైనా జవాబు అడిగిన మరుక్షణం దొరుకుతోంది. కానీ ఒక మనిషి నా ఎదురుగా పీట వేసుకుని, తెలిసిన మాటని కూడా పెదవి దాటనివ్వకుండా, నా మాట నేను వెతుక్కుని తెచ్చుకునేదాకా నా మొహంలోకే చూస్తూ కూర్చోవడం, అది ఇప్పుడు ఎవరిని అడగాలో నాకు తెలియడం లేదు.